తలసరి యూనిట్లు: ఒక కొలబద్ద చరిత్ర

విద్యుచ్ఛక్తి విధానాన్ని గురించి మన దేశంలో ఎవరు మాట్లాడినా ముందుగా ఒక అంకె చెబుతారు. తలసరిన ఏడాదికి ఎన్ని యూనిట్లు వాడుతున్నాం అన్నదే ఆ అంకె. 1947లో అది సుమారు 16 యూనిట్లు. 2023–24 నాటికి ప్రభుత్వ లెక్కల ప్రకారం సుమారు 1,400 యూనిట్లు. అంటే ఒక మనిషి జీవితకాలంలో ఎనభై రెట్లకు పైగా పెరిగింది. ఇది చిన్న విషయం కాదు. దీని వెనక లక్షలాది కార్మికుల చెమట ఉన్నది, వేలాది ఇంజనీర్ల మేధ ఉన్నది, నదీలోయలలో ఇల్లూ పొలమూ వదలి పోయినవారి కన్నీరు ఉన్నది.

ఐతే సగటుకు ఒక గుణం ఉన్నది. అది మేడలోని ఏసీ యంత్రాన్నీ, పూరింటిలోని ఒంటి దీపాన్నీ, అల్యూమినియం కర్మాగారాన్నీ, ఎండిన బోరు మీది మోటారునూ కూడి, భాగించి, అందరికీ ఒకే అంకెను పంచిపెడుతుంది. పంపకం కాగితం మీదనే జరుగుతుంది. ఈ కొలబద్ద ఎక్కడ పుట్టింది, ఎవరి చేతిలో ఏ పని చేసింది, చివరకు ఎవరి చేతికి చేరింది అనేది పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. వలసపాలన మీద ఆయుధంగా శాస్త్రజ్ఞులూ ఇంజనీర్లూ తయారుచేసిన కొలబద్ద, కొన్ని దశాబ్దాలకే గుత్త పెట్టుబడికి ఊతకర్రగా మారింది. లోపం లెక్కలో లేదు. లెక్కకు ముందు అడగవలసిన ప్రశ్నను వదిలివేయడంలో ఉన్నది.

ఇది ఇంజనీర్ల వ్యవహారం గదా, సాహిత్య విద్యార్థులకు ఇందులో పనేమిటని కొందరు అడగవచ్చు. మన వాడుకభాషనే చూడండి. 'కరెంటు వచ్చింది', 'కరెంటు పోయింది' అంటాం, వాన వచ్చింది, వాన వెలిసింది అన్నట్లుగానే. పంపినవాడు ఆ వాక్యంలో లేడు, ఆపినవాడూ లేడు. మానవుల నిర్ణయం ప్రకృతి ధర్మంలాగా వినిపిస్తుంది. ఆ కర్తను వాక్యంలోకి తిరిగి తీసుకురావడం చరిత్ర చేయవలసిన పని.

మన దేశంలో పెద్ద ఎత్తున జలవిద్యుత్తు 1902లో మైసూరు సంస్థానంలో మొదలైంది. కావేరి మీద శివసముద్రం జలపాతం దగ్గర ఉత్పత్తి కేంద్రం కట్టి, అక్కడినుంచి 92 మైళ్ళ పొడవున తీగ లాగి కోలారు బంగారు గనులకు కరెంటు ఇచ్చారు. ఆ రోజులలో అది ప్రపంచంలోనే పొడవైన లైన్లలో ఒకటి. ఇంజనీరింగు దృష్టితో చూస్తే అది ఘనకార్యమే. కాని గనులు బ్రిటిషు కంపెనీలవి. గనిలోకి దిగే కూలీలు తమిళ, తెలుగు జిల్లాలనుంచి వచ్చిన పేదలు, వారిలో దళితులు ఎందరో. బెంగుళూరు వీధుల్లో దీపాలు 1905లో వెలిగాయి. దారిపొడుగునా ఉన్న పల్లెలు మాత్రం తమ నెత్తిమీదుగా పోయే తీగను దశాబ్దాల తరబడి చూస్తూ ఉండిపోయాయి.

తక్కిన చోట్లా ఇదే క్రమం. కలకత్తాకు లండన్‌లో రిజిస్టరైన కంపెనీ కరెంటు అమ్మింది. 1915లో ఖోపోలీలో టాటాలు ప్రారంభించిన జలవిద్యుత్తు బొంబాయి మిల్లులను నడిపింది. 1910 చట్టం పట్టణానికొక లైసెన్సు పద్ధతిని స్థిరపరచింది. లాభమున్న చోట దీపం, లేనిచోట చీకటి. జాతీయ విధానమన్నది లేదు, ఎందుకంటే జాతి ప్రయోజనమన్నది పాలకుల లెక్కలో లేదు.

ఈ పద్ధతికి ప్రపంచంలో మొదటిసారిగా గట్టి జవాబు చెప్పినది సోవియట్ రష్యా. 1920 ఫిబ్రవరిలో, అంతర్యుద్ధం ఇంకా ముగియకముందే, క్రిజిజానోవ్‌స్కీ అనే ఇంజనీరు అధ్యక్షతన విద్యుదీకరణ సంఘాన్ని నియమించారు. సుమారు రెండువందల మంది ఇంజనీర్లూ శాస్త్రజ్ఞులూ కలిసి 'గోయెల్రో' ప్రణాళికను తయారుచేశారు. పది, పదిహేనేళ్ళలో ముప్పై పెద్ద విద్యుత్ కేంద్రాలు కట్టాలన్నది లక్ష్యం. ఆ డిసెంబరులో మాస్కోలోని బొల్షాయ్ థియేటరులో, ఆకలితోనూ చలితోనూ ఉన్న ప్రతినిధుల ముందు, కట్టబోయే కేంద్రాలను దీపాలతో గుర్తించిన దేశపటాన్ని చూపించారు.

గోయెల్రోలో మనం గుర్తించవలసినది దాని పరిమాణం కంటె దాని పద్ధతి. దేశాన్ని ప్రాంతాలుగా విభజించి, ప్రతి ప్రాంతంలో ఏ ముడిసరుకు ఉన్నది, ఏ పరిశ్రమ రావాలి, రవాణా ఎట్లా, దానికి ఎంత శక్తి కావాలి అనే వరుసలో వారు ఆలోచించారు. పని ముందు, యూనిట్లు తరవాత. ఐతే ఆ దేశంలో కూడా పల్లెల వంతు ఆలస్యంగానే వచ్చింది. గ్రామీణ విద్యుదీకరణ చాలా భాగం రెండవ ప్రపంచయుద్ధం తరవాతనే పూర్తయింది. భారీ పరిశ్రమకు మొదటి పీట వేసిన ప్రణాళికలో రైతు చాలాకాలం వేచివున్నాడు. సోవియట్ అనుభవాన్ని ఆదర్శంగా తీసుకున్న మనవారు ఈ రెండవ పాఠాన్ని అంతగా పట్టించుకోలేదు.

మన దేశంలో ఆ ఆలోచనకు ఆద్యుడు మేఘనాథ్ సాహా. ఢాకా దగ్గరి పల్లెలో, చిన్న దుకాణదారు ఇంట 1893లో పుట్టి, కులవివక్షను స్వయంగా అనుభవించి, నక్షత్రాల ఉష్ణోగ్రతను గురించిన సమీకరణంతో ప్రపంచ ఖ్యాతి పొందిన భౌతికశాస్త్రవేత్త ఆయన. 1922 నాటి ఉత్తర బెంగాలు వరదలలో సహాయక చర్యలలో పాల్గొన్న నాటినుంచి నదుల సమస్య ఆయనను వదలలేదు. 1935లో ఆయన స్థాపించిన 'సైన్స్ అండ్ కల్చర్' పత్రిక నదులు, బొగ్గు, విద్యుత్తు, ప్రణాళికలను గురించి ఎడతెగకుండా రాసింది. 1938లో కాంగ్రెసు అధ్యక్షుడు సుభాష్ బోసును ఒప్పించి, నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడడానికి కారకులైనవారిలో ముఖ్యుడు ఆయనే.

సాహా వాదం సూటియైనది. మన దేశంలో పని మనిషి కండతోనూ ఎద్దు మెడతోనూ జరుగుతున్నది. పాశ్చాత్య దేశాలలో ప్రతి మనిషి వెనకా యంత్రశక్తి నిలబడి ఉన్నది. మన దారిద్ర్యం కర్మఫలం కాదు, మన చేతికి అందిన శక్తి అల్పం కావడమే దానికి మూలం. తలసరి శక్తి వినియోగమనే కొలబద్ద ఇక్కడ పదునైన ఆయుధం. 'మీ పాలనలో ఈ అంకె ఇంత అల్పంగా ఎందుకున్నది?' అని అది బ్రిటిషువారిని నిలవేసింది. రాట్నంతో దేశం బాగుపడుతుందన్న వారినీ అదే ప్రశ్న నిలవేసింది.

అదే కాలంలో అంబేడ్కర్ ఈ ప్రశ్నను మరికొంచెం ముందుకు తీసుకుపోయారు. ఆయన 1942–46 మధ్య వైస్రాయి కార్యవర్గంలో కార్మిక సభ్యులు. విద్యుచ్ఛక్తి ఆ శాఖలోనే ఉండేది. 1943లో యుద్ధానంతర విద్యుత్ విధానంపై ప్రసంగిస్తూ, అసలు మనకు కరెంటు దేనికోసమన్న ప్రశ్న వేశారు. పారిశ్రామికీకరణ కోసం, అది కూడా ప్రజలు దారిద్ర్య విషవలయంనుంచి బయటపడడం కోసం అన్నది ఆయన సమాధానం. ఉత్పత్తి ప్రజల యాజమాన్యంలో ఉండాలన్న వైపే ఆయన మొగ్గారు. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఏర్పడింది. స్వాతంత్ర్యం తరవాత 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టం రాష్ట్ర బోర్డులకు దారి వేసింది. 1956 పారిశ్రామిక విధానం విద్యుత్తును ప్రభుత్వరంగానికి కేటాయించింది. మన ఆంధ్రప్రదేశ్ బోర్డు 1959లో ఏర్పడింది. విజయవాడ థర్మల్ కేంద్రంలో 1979–95 మధ్య ఆరు యూనిట్లు నిలబెట్టినది ఆ ప్రభుత్వ బోర్డే. ప్రభుత్వరంగం చేతకానిదని గొంతు చించుకునేవారు ఈ సంగతి ఎన్నడూ చెప్పరు.

*

ఇంతవరకు గెలుపు కథ. ఇక కొలబద్ద చాటున జరిగినదేమిటో చూడాలి.

1943 దామోదర్ వరదల తరవాత వేసిన విచారణ సంఘంలో సాహా సభ్యులు. అమెరికాలోని టెనెసీ లోయ నమూనాలో, ఆ సంస్థకు చెందిన వూర్డుయిన్ అనే ఇంజనీరు 1945లో ఎనిమిది ఆనకట్టల పథకం తయారుచేశారు. వరదల అదుపు, సాగునీరు, విద్యుత్తు, నౌకాయానం అన్నీ కలిసిన సమగ్ర పథకం అది. 1948లో దామోదర్ లోయ కార్పొరేషన్ ఏర్పడింది. 1953–59 మధ్య అది కట్టినవి తిలైయా, కోనార్, మైథాన్, పంచేత్ అనే నాలుగు ఆనకట్టలు. మరొకవైపు 1953లోనే బొకారో థర్మల్ కేంద్రం వచ్చింది. క్రమంగా సంస్థ ప్రధానంగా బొగ్గు కరెంటు అమ్మే సంస్థ ఐంది. దాని చట్టంలోనే ఒక గీత ఉన్నది: రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తే తప్ప 30,000 వోల్టుల లోపు సరఫరా ఇవ్వరాదు. చిల్లర పంపిణీ రాష్ట్రాల పనే కావచ్చు. కాని ఫలితం చూడండి. గనులకూ ఉక్కు కర్మాగారాలకూ కరెంటు నేరుగా అందింది. లోయలోని గుడిసెకు అందడం మరొకరి దయమీద ఆధారపడింది.

1959 డిసెంబరులో పంచేత్ ఆనకట్టను ప్రారంభిస్తూ నెహ్రూ, అక్కడ పనిచేసిన ఒక సంతాల్ యువతి చేత మీట నొక్కించారు. గొప్ప భావన, సందేహం లేదు. కాని నెహ్రూ మెడలో దండ వేసిందన్న నెపంతో ఆ యువతిని సొంత జనమే వెలివేశారు. 1962లో ఉద్యోగం కూడా పోయింది. ప్రారంభోత్సవానికి కార్మికురాలిని ముందు నిలబెట్టిన వ్యవస్థ, మర్నాటినుంచి ఆమె బ్రతుకును ప్రణాళికలో ఎక్కడా రాసుకోలేదు.

మన దగ్గర మాచ్‌ఖండ్ 1955లో ప్రారంభమైంది. డుడుమా జలపాతం కరెంటు విశాఖపట్నానికీ కోస్తాకూ వచ్చింది. జలాశయంలో మునిగినవి గిరిజనుల భూములు. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం మొదట కేవలం విద్యుత్ పథకంగానే రూపొందింది. నీటికోసం తపించే రాయలసీమ ఒడ్డున నిలిచి, నీరు యంత్రాలు తిప్పి దిగువకు పోవడాన్ని చూసింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామాలు మునిగిపోగా, 1981లో జనాన్ని బలవంతాన ఖాళీ చేయించారు. మెగావాట్లు లెక్కకు ఎక్కాయి. మనుషులు ఎక్కలేదు.

గ్రామీణ విద్యుదీకరణలో కొలబద్ద మోసం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1960లలో కేంద్రంలో నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖ చూసిన కానూరి లక్ష్మణరావుగారు స్వయంగా ఇంజనీరు, కృష్ణా జిల్లా కంకిపాడువారు. పల్లెకు కరెంటు చేరాలన్న పట్టుదల ఆ తరానికి ఉన్నది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ ఏర్పడింది. పంపుసెట్లు వచ్చాయి, పంట పెరిగింది. కాని 'విద్యుదీకరించిన గ్రామం' అంటే ఏమిటి? 1997 వరకు ఉన్న నిర్వచనం ప్రకారం ఊరి రెవెన్యూ పొలిమేరలో ఎక్కడో ఒకచోట, ఏదో ఒక పనికి కరెంటు వాడితే చాలు. ఒక భూస్వామి బావి మీద మోటారు తిరిగితే ఊరంతా వెలిగినట్లే! 2001 జనాభా లెక్కల నాటికి 80 శాతానికి పైగా గ్రామాలు విద్యుదీకరించినవే. కాని దీపానికి కరెంటు వాడే గ్రామీణ కుటుంబాలు 43.5 శాతం మాత్రమే. కనీసం పదిశాతం ఇళ్ళకు కనెక్షను ఉండాలనీ, దళితవాడకు కూడా లైను చేరాలనీ నిర్వచనంలో చేర్చడానికి 2004 దాకా పట్టింది. దళితవాడ అనే మాట నిర్వచనంలోకి రావడానికి స్వతంత్ర భారతానికి యాభై ఏడేళ్ళు కావలసివచ్చింది.

*

ఈ పరిస్థితిలో కొలబద్దనే ప్రశ్నించిన శాస్త్రజ్ఞుడు అమూల్య రెడ్డి. బెంగుళూరు సైన్సు సంస్థలో విద్యుత్ రసాయనశాస్త్రం బోధించిన ఆయన, 1974లో గ్రామాలకు తగిన సాంకేతిక విజ్ఞానం కోసం 'అస్త్ర' అనే కేంద్రాన్ని ప్రారంభించారు. తుమకూరు జిల్లా పల్లెలలో ఆయన బృందం శక్తి లెక్కలు తీసింది. ఏం తేలింది? పల్లె వాడే శక్తిలో అత్యధిక భాగం పొయ్యిలోని కట్టెలదే. ఆ కట్టెలు కొన్నవి కావు, ఏరుకొచ్చినవి. ఏరుకొచ్చేది ఆడవాళ్ళూ పిల్లలూ. ఢిల్లీ ప్రణాళికలు కిలోవాట్లు లెక్కపెడుతుండగా, దేశంలోని పెద్ద ఇంధన రంగం ఆడకూతురి నెత్తిమీది మోపుగా నడుస్తున్నది. దానికి మీటరు లేదు గనుక అది లెక్కలో లేదు.

ఇక్కడనుంచి ఆయన వేసిన అడుగు ముఖ్యమైనది. మనిషికి కావలసినది యూనిట్లు కాదు. వెలుగు, వండిన అన్నం, తోడిన నీరు, తిరిగే యంత్రం. కాబట్టి ముందు ఎవరికి ఏ పని జరగాలో నిర్ణయించాలి, ఆ తరవాత అతి తక్కువ ఖర్చుతో అది జరిగే మార్గం వెదకాలి. 1987లో కర్ణాటక అధికారిక సంఘం 2000 సంవత్సరానికి భారీ అంచనాలతో విద్యుత్ పథకం వేసింది. రెడ్డి బృందం దానికి బదులు మరొక పథకం వేసి చూపింది. రాష్ట్రంలోని ఇళ్ళన్నిటికీ కరెంటు ఇస్తూ, మంచి పంపులు, మంచి దీపాలు వాడి, నీళ్ళు కాచడానికి కరెంటుకు బదులు సూర్యరశ్మిని వినియోగిస్తే, అధికారిక అంచనాలో సగం కంటె తక్కువ యూనిట్లే చాలునని లెక్కలతో నిరూపించింది.

మనలో కొందరికి ఈ వాదం మీద అనుమానం ఉన్నది. 'పొదుపు' అనే మాటను ధనిక దేశాలు పేద దేశాల నోరు నొక్కడానికి వాడుకుంటున్నాయి గదా అని వారంటారు. ఆ అనుమానం న్యాయమైనదే. ఒక దీపం కూడా సరిగా లేనివాణ్ణి పొదుపు చేయమనడం క్రూరత్వం. కాని రెడ్డి వాదం అది కాదు. లేనివాడి అవసరాన్ని పట్టికలో మొదటి వరుసలో రాయాలన్నదే దాని సారం. సాహా ప్రశ్న 'ఎంత?' రెడ్డి ప్రశ్న 'ఎవరికి, దేనికి?' మొదటి ప్రశ్న లేకపోతే రెండవది బీదరికాన్ని సర్దిపెట్టే వేదాంతమవుతుంది. రెండవది లేకపోతే మొదటిది కాంట్రాక్టరు చేతిలో టెండరు కాగితమవుతుంది.

అట్లా ఐంది కూడా. 1991 తరవాత ప్రైవేటు ఉత్పత్తికి తలుపులు తెరిచినప్పుడు వినిపించిన వాదమేమిటి? 'తలసరి వినియోగం తక్కువ, కొరత ఎక్కువ, కాబట్టి ఎంత ధరకైనా మెగావాట్లు కావాలి.' సాహా కొలబద్ద ఎన్రాన్ చేతికి వచ్చింది. 1993 డిసెంబరులో దాభోల్ ఒప్పందం కుదిరింది. నాటి విధానం పెట్టుబడి మీద 16 శాతం రాబడికి హామీ ఇచ్చింది. కరెంటు అవసరం ఉన్నా లేకపోయినా స్థిర చార్జీలు చెల్లించవలసిందే. డాలరు పెరిగితే నష్టం బోర్డుది. పూనేలోని 'ప్రయాస్' సంస్థలో గిరీశ్ సంత్ మొదలైన యువ ఇంజనీర్లు ఈ లెక్కలను విప్పి జనం ముందు పెట్టారు. కార్మిక సంఘమైన సి.ఐ.టి.యు. 1996లో బొంబాయి హైకోర్టుకు వెళ్ళింది. వారి మాట చెల్లలేదు. 1999లో 740 మెగావాట్ల మొదటి దశ మొదలైంది. యూనిట్ ధర 7 రూపాయలు దాటిన నెలలు వచ్చాయి. 2001 మేలో ఉత్పత్తి ఆగిపోయింది. ఆ డిసెంబరులో ఎన్రానే దివాలా తీసింది. ఒప్పందాన్ని సమర్థించిన ఇంజనీర్లూ ఇంజనీర్లే, విప్పిచెప్పినవారూ ఇంజనీర్లే. వారు చదివిన శాస్త్రం ఒకటే, నిలిచిన పక్షాలు వేరు.

మన రాష్ట్రంలో 1998లో సంస్కరణల చట్టం వచ్చింది. 1999లో బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీల్చారు. ప్రపంచ బ్యాంకు ఋణం వచ్చింది, వెంట షరతులూ వచ్చాయి. 2000లో చార్జీలు పెంచినప్పుడు వామపక్షాలూ ఇతర ప్రతిపక్షాలూ కలిసి రాష్ట్రమంతటా ఉద్యమం నడిపాయి. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులలో ముగ్గురు నేలకొరిగారు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. దానిని ఓట్ల ఎర అని హేళన చేసేవారు ఒక సంగతి మరుస్తారు. డెల్టా రైతుకు ప్రభుత్వం కట్టిన కాలువ నీరు తెస్తుంది. మెట్టరైతు తన అప్పుతో బోరు వేసుకుని, తన మోటారుతో నీరు తోడుకోవాలి. ఆ కరెంటు దానం కాదు, పారని కాలువకు బదులు. ఐతే బోరు లేని కౌలుదారుకూ, కూలికీ అందులో ఏమున్నదన్న ప్రశ్న కూడా మనమే అడగాలి.

*

ఇప్పుడు భవిష్యత్తు మాట. బొగ్గు పొగకు కాలం చెల్లుతున్నది, ఇక సూర్యుడే దిక్కంటున్నారు. దేశ విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసులతో పని లేనిదేనని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. ఇక్కడా కొలబద్దను జాగ్రత్తగా చదవాలి. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సౌరకేంద్రం పగటిపూటనే పనిచేస్తుంది. అందువల్ల వాస్తవంగా ఉత్పత్తయ్యే యూనిట్లలో ముప్పావు వంతుకు దగ్గరగా ఇంకా బొగ్గునుంచే వస్తున్నాయి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు సూర్యుడు ఉండడు. పగటి కరెంటుతో నీటిని ఎగువకు ఎక్కించి, రాత్రి దించి యంత్రం తిప్పడం ఇంజనీర్లు చూపే ఒక మార్గం. శ్రీశైలం ఎడమగట్టునా నాగార్జునసాగర్‌లోనూ అటువంటి యంత్రాలు ప్రభుత్వరంగంలోనే ఉన్నాయి. కర్నూలు ప్రాంతపు పిన్నాపురంలో అదే పనిని ప్రైవేటు కంపెనీ చేపట్టింది. యంత్రం ఒకటే; లాభం వెళ్ళే దారి వేరు.

సూర్యరశ్మి అందరిదీ, కాని అది పడే నేల కొందరిది. అమూల్య రెడ్డి పనిచేసిన తుమకూరు జిల్లాలోనే, అనంతపురానికి ఆనుకుని ఉన్న పావగడలో, సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌరక్షేత్రం 2019కి పూర్తయింది. భూమిని కొనలేదు, ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల కౌలుకు తీసుకున్నారు. కరువుసీమలో భూమి ఉన్న రైతుకు అది ఆసరానే. మాచ్‌ఖండ్‌తో పోలిస్తే మెరుగే. కాని ఆ పొలాలలో కలుపు తీసి, కోత కోసి బ్రతికిన భూమిలేని కూలికి కౌలు రాదు. అద్దాల పలకల కింద కలుపు తీసే పని ఎందరికి దొరుకుతుంది? వందేళ్ళ కిందట తీగ పల్లె మీదుగా పోయింది. ఇప్పుడు పల్లె పొలంలోనే కరెంటు పుడుతున్నది, ఐనా కూలివాడి స్థానం మారలేదు.

కాబట్టి ఏ విద్యుత్ ప్రణాళిక మన ముందుకు వచ్చినా, దాని మొదటి పుటలోని తలసరి అంకె దగ్గర ఆగిపోరాదు. ఈ కరెంటుతో ఏ పని జరుగుతుంది? ఎవరి ఇంట, ఎవరి పొలంలో జరుగుతుంది? ఉత్పత్తి సాధనం ఎవరి యాజమాన్యంలో ఉంటుంది? ఎవరి నేల, ఎవరి కూలి దీనికి ఖర్చవుతున్నది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు లేని పథకం ఎన్ని మెగావాట్లదైనా అసంపూర్ణమే. ఇవి సాంకేతిక ప్రశ్నలు కావని అనేవారికి సాహా, అంబేడ్కర్, అమూల్య రెడ్డిల కృషే సమాధానం. మన కాలేజీలలో ఇంజనీరింగు చదివే విద్యార్థులు వేలల్లో ఉన్నారు. వారికి ట్రాన్స్‌ఫార్మరు ఎట్లా పనిచేస్తుందో చెప్పే ఉపాధ్యాయులు ఉన్నారు. అది ఏ వాడ మొదట్లో నిలబడుతుంది, ఏ వాడ చివర నిలబడదు అన్నది కూడా పాఠంలో భాగమేనని చెప్పే బాధ్యత మనందరిదీ.